గుసగుస బాబాయి కుర్చీ

అనుమానం పెనుభూతం అంటారు. మా నాటక కళాశాలలో ఆ భూతానికి ఒక కుర్చీ కూడా ఉండేది. స్టేజీకి ఎడమ పక్క, తెర చాటున, ప్రేక్షకులకు కనిపించకుండా నటులకు మాత్రమే కనిపించేలా వేసిన పాత చెక్క కుర్చీ. అందులో గుసగుస బాబాయి కూర్చునేవాడు. ఒళ్లో నాటకం ప్రతి, ప్రతి మీద పడేలా ఒక చిన్న దీపం. ఆయన ప్రాంప్టరు. నటుడు మాట మర్చిపోతే, ఆ మాటను హాల్లో ఎవరికీ వినపడకుండా వాడి చెవికి మాత్రం అందించడం ఆయన పని.

పని అలాంటిది కాబట్టి మనిషి అలా తయారయ్యాడో, మనిషి అలాంటివాడు కాబట్టి ఆ పనికి కుదిరాడో నాకు తెలియదు. లోకంలో ప్రతివాడూ ఏదో ఒక క్షణాన తడబడి తీరతాడని ఆయన గట్టి నమ్మకం. పాలవాడు నీళ్లు కలిపాడని కాదు, రేపు కలపబోతున్నాడని అనుమానం. ఇంటికి తాళం వేసి, లాగి చూసి, వీధి చివరిదాకా వెళ్లి, వెనక్కి వచ్చి మళ్లీ లాగి చూసేవాడు. "మా ఆయన అద్దంలో చూసుకున్నా, ఎవరండీ మీరు, ఎవరి కోసం వచ్చారు అని అడుగుతారు" అని పిన్ని మాతో చెప్పి నవ్వేది. ఆయన మాత్రం నవ్వేవాడు కాదు. పిన్ని ఎందుకు నవ్వుతోందా అని చూసేవాడు.

నిజానికి ఆయన బాబాయి ఒక్కరికే. మాతో నటన చదివే ఒక అమ్మాయి ఆయన అన్నగారి కూతురు. అది బాబాయ్ అంటుంటే మేమందరం అదే పట్టుకున్నాం. ఆ పిల్ల నోట్లో నువ్వుగింజ నానదు. అందుకే దాన్ని మేము వాగుడుకాయ అనేవాళ్లం, ఆయనా అలాగే పిలిచేవాడు. అమ్మానాన్నలిద్దరూ పనులకు పోతే, బడి అయిన దగ్గర్నుంచి చీకటి పడేదాకా బాబాయి కుర్చీ పక్కన నేల మీద కూర్చుని పెరిగింది. ఆయన పెదవి కదిపితే చాలు, మాట దాని నోట్లోంచి వచ్చేసేది. అంత అలవాటు.

ఇక నేను. నాది లైట్ల పని. కాస్త కోపం ఎక్కువ, చేతిలో స్విచ్చులు ఉంటాయి కాబట్టి అందరూ భరించేవారు.

ఆ యేడు మాకు కొత్త మేడమ్ వచ్చారు. నాలుగు గోడల మధ్య నాటకం రాదు, ఇతరులు ఎలా చేస్తున్నారో కళ్లారా చూడాలి అని ఆవిడ పట్టు. పట్టుబట్టి, ఎవరెవరికో రాసి, వేరే దేశంలో జరిగే విద్యార్థుల నాటకోత్సవానికి మా బృందానికి పిలుపు తెప్పించారు. మేము ఎగిరి గంతేశాం. ఆ సంబరంలోనే ఆవిడ ఇంకో మాట కూడా అన్నారు.

"అక్కడ ఏ బృందానికీ ప్రాంప్టరు ఉండడు. మనమూ అలవాటు చేసుకోవాలి. ఈ ప్రయాణం అయ్యాక ఆ కుర్చీ సంగతి ఆలోచిద్దాం. బాబాయ్ గారూ, మీ ఉద్యోగానికేం ఢోకా లేదు, కావాలంటే బట్టల గది చూసుకుందురుగాని. ఈసారికి మాత్రం మీ కుర్చీ ఉంటుంది, మీరూ మాతో రండి, చూడండి."

మేడమ్‌లో కపటం లేదు. మొహం మీదే చెప్పేశారు. కానీ బాబాయి తన దీపాన్ని తీసి ఒళ్లో దాచుకోవడం నేను చూశాను. బట్టల గదంటే ఆయనకు బతికుండగానే మూట కట్టి అటక మీద పెట్టడమే. ఆ కుర్చీ తప్ప ఆయనకు వేరే లోకం లేదు.

బయటికి వచ్చాక నన్ను స్తంభం చాటుకు పిలిచాడు. "లైట్లమ్మాయ్, తీసేసేవాణ్ణి విమానం ఎక్కించి మరీ తీసుకెళ్తారుటే? ఇందులో ఏదో ఉంది."

"ఏముంటుంది బాబాయ్? మర్యాదకి రమ్మన్నారు."

"మర్యాద! అక్కడ నా చేత ఏదో తప్పు చేయించి, నలుగురిలో చూపించి, అప్పుడు తీసేస్తారు. చూస్తూ ఉండు."

ఆ తప్పు ఎవరూ చేయించలేదు. ఆ సంగతికి వస్తున్నాను.

విమానంలో ఆయన బట్టల పెట్టె గురించి ఒకటే గోల. పెట్టె కింద ఉంటుంది, మనం పైన ఉంటాం, మధ్యలో ఎవరు ఏం చేస్తున్నారో ఎవరికి తెలుసు? ప్రమాదం జరిగితే ఏం చెయ్యాలో ఆ విమానం అమ్మాయి చేతులు ఊపి చూపిస్తుంటే, "చూశావా, పడిపోతామని ముందే తెలుసు వీళ్లకి" అన్నాడు నా చెవిలో. ఆయన గుసగుస ఎలాంటిదంటే పక్కవాడికి వినపడదు, మనకి మాత్రం ఎముకల్లోకి దిగుతుంది. విమానం దిగేదాకా నాకు నిద్ర లేదు.

ఉత్సవం ఒక మూతబడ్డ ఫ్యాక్టరీలో జరుగుతోంది. యంత్రాలు తీసేసి, ఒక్కో షెడ్డునూ ఒక్కో హాలు చేశారు. పొడుగాటి నడవాలు, ఎత్తయిన గాజు కిటికీలు, ఎటు చూసినా మా వయసు పిల్లలే. అక్కడ ఒక పద్ధతి ఉంది. ఎవరి రిహార్సలుకీ తలుపులు వేయరు. ఎవరైనా వచ్చి, గోడకి ఆనుకుని కూర్చుని, ఇష్టమున్నంతసేపు చూసి పోవచ్చు. పొద్దున నాటకాలు చూడటం, మధ్యాహ్నం ఒకరి గదిలోకి ఒకరు వెళ్లి నేర్చుకోవడం. ఒక బృందం నాటకమంతా ఒకే ఒక్క దీపంతో ఆడింది, నటులే దాన్ని చేతులు మార్చుకుంటూ. చీకట్లో ఉన్నవాళ్లు ఏం చేస్తున్నారో అని హాలంతా ముందుకు వంగింది. అది చూశాక, ఇన్నాళ్లూ నేను స్టేజీ మీద వెలుగు దిమ్మరించాను తప్ప వెలిగించలేదని తెలిసింది. ఆ దెబ్బకి సగం లైట్లు మానేశాను.

బాబాయికి మాత్రం ఆ తెరిచిన తలుపులు చూస్తే ఒళ్లు మండింది. "ఇల్లు తెరిచి పెట్టి దొంగని పిలిచినట్టుంది" అని, ఎక్కణ్ణుంచో ఒక కుర్చీ లాక్కొచ్చి మా గది గుమ్మానికి అడ్డంగా వేసుకుని కూర్చున్నాడు. చూడ్డానికి వచ్చిన పిల్లలు ఇదీ మా నాటకంలో భాగమే అనుకుని ఆయన ఎదురుగా నేల మీద చతికిలబడి ఆయన్నే చూశారు. ఆయన వాళ్లను చూశాడు. ఎవరూ కదల్లేదు. చివరికి ఒక పిల్ల చప్పట్లు కొట్టింది.

అన్నిటికంటే పెద్ద అనుమానం వాగుడుకాయ మీద వచ్చింది. ప్రతి మధ్యాహ్నం అది కనిపించకుండా పోతోంది. తిరిగొచ్చాక మాట్లాడటం లేదు. అది మాట్లాడకపోవడమంటే మాటలా? టీ తాగుతూ కూడా గోడ కేసి చూస్తూ కూర్చుంటోంది.

"దానికేదో పెడుతున్నారే" అన్నాడు బాబాయి. "మాటలు మర్పించేదేదో పెడుతున్నారు. పద."

నన్ను వెంటేసుకుని దాని వెనకాలే నడిచాడు. ఎవరైనా ఎదురైతే గోడ మీది బొమ్మలు చూస్తున్నట్టు ఆగేవాడు. ఆ గోడల మీద బొమ్మల్లేవు. నడవా చివర ఒక ఖాళీ గదిలోకి వాగుడుకాయ వెళ్లింది. మేము తలుపు పక్క నుంచి తొంగి చూశాం. వేరే దేశం పిల్లలు కొందరు గుండ్రంగా కూర్చున్నారు. వాగుడుకాయ వాళ్లలో కలిసి కూర్చుంది. ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు, అంతే. ఎంతసేపైనా ఒక్కరూ నోరు మెదపలేదు.

అది బయటికి రాగానే బాబాయి పట్టుకున్నాడు. "ఏం చేస్తున్నారే లోపల?"

"ఏమీ చెయ్యట్లేదు బాబాయ్."

"ఏమీ చెయ్యకుండా ఇంతసేపు ఎవరైనా చేస్తారా?"

"మాట్లాడకుండా ఉండటం నేర్చుకుంటున్నా. మాట్లాడకపోయినా ఎదుటివాళ్లు వింటూనే ఉంటారు బాబాయ్. అదెంత బాగుందో తెలుసా?"

ఆయన మొహం మాడిపోయింది. మాట ఆగినచోట మాట అందించి బతికిన మనిషితో మాట ఆగితేనే బాగుందని చెప్పింది, అదీ తన కుర్చీ పక్కనే పెరిగిన పిల్ల. "నువ్వు కూడానా" అన్నాడు. అది ఏదో చెప్పబోయింది. ఆయన వినకుండా నడవా వెంట వెళ్లిపోయాడు. ఆ పూట దానితో మాట్లాడలేదు, మా నాటకం రోజు దాకా మాట్లాడలేదు.

మా నాటకం సంగతి ఇప్పుడు చెప్పాలి. ఒక మిల్లులో ప్రమాదం జరిగి ఒకావిడ చనిపోతుంది. ఆమె చేతిసంచి తీసుకెళ్లడానికి చెల్లెలు ఆఫీసుకు వస్తుంది. గుమస్తా సంచి బల్ల మీద పెట్టి, "ఈవిడ మీకేమవుతారు?" అని అడుగుతాడు. చెల్లెలు "మా అక్క" అని మొదలుపెట్టి, అక్క గురించి పెద్ద ప్రసంగం చెప్పి, సంచి తీసుకుని వెళ్లిపోతుంది. చెల్లెలు మా వాగుడుకాయే. ఉత్సవంలో మాకు రెండు ప్రదర్శనలు ఇచ్చారు.

మొదటి ప్రదర్శన రోజు రిహార్సల్లో మేడమ్‌ని వాగుడుకాయ ఒకటి అడిగింది. గుమస్తా అడగగానే జవాబు చెప్పకుండా, ఆపగలిగినంతసేపు ఆపి, అప్పుడు "మా అక్క" అంటానంది. చేసి చూపించింది. మేమందరం చేస్తున్న పనులు ఆపేసి చూశాం. మేడమ్ వెంటనే ఒప్పుకున్నారు.

ఆ రిహార్సల్లో బాబాయి లేడు. ఎవరో వేరే బృందం వడ్రంగి మా బట్టల పెట్టె కేసి రెండుసార్లు చూశాడని, పెట్టె మీద కూర్చుని కాపలా కాస్తున్నాడు. ఆయనకి వాగుడుకాయ చెప్పి ఉంటుందని మేడమ్ అనుకున్నారు. మేడమ్ చెప్పి ఉంటారని వాగుడుకాయ అనుకుంది. పైగా బాబాయి దాని మొహం చూడటం లేదాయె.

నాటకం మొదలైంది. హాలు నిండుగా ఉంది. పైన చిన్న తెర మీద మా మాటలకి వాళ్ల భాషలో అర్థం పడుతోంది. గుమస్తా అడిగాడు. "ఈవిడ మీకేమవుతారు?"

వాగుడుకాయ ఆగింది. అర్థాల తెర నల్లగా అయింది.

తెర చాటున వేసుకున్న కుర్చీలోంచి బాబాయి గుసగుస. "మా అక్క."

అది కదల్లేదు.

"మా అక్క... మా అక్క."

అయినా అది కదల్లేదు. పాపం, బాబాయికి పిల్ల మునిగిపోతున్నట్టే ఉంది. జీవితమంతా ఏ క్షణం వస్తుందని భయపడ్డాడో ఆ క్షణం వచ్చేసింది, అదీ పరాయి దేశంలో, తన పిల్లకే. లేచి నిలబడి, గొంతు చించుకుని "మా అక్క!" అన్నాడు. పక్కనే వేలాడుతున్న మైకు ఆ కేకను హాలు మొత్తానికీ వినిపించింది. అర్థాల తెర నడిపేవాడు కంగారులో ఆ మాట వేసేశాడు. వెనక వరసల్లో ఎవరో పకాలుమన్నారు, ఆ నవ్వు ముందు వరసల దాకా పాకింది.

వాగుడుకాయ ప్రసంగం అప్పజెప్పేసి, సంచి పట్టుకుని వచ్చేసింది. ఏడవలేదు. బాబాయి ముందు నిలబడి, "అది మర్చిపోవడం కాదు బాబాయ్" అని మాత్రం అంది.

మేడమ్ అరవలేదు. అరిచినా బాగుండేది. "బాబాయ్ గారూ, రేపు మీరు హాల్లో కూర్చుని చూడండి" అన్నారు. ఆయన తల ఊపాడు. ఎవరూ కుట్ర చేయలేదు, చేయించలేదు, మొత్తం తనే చేసుకున్నాడు. ఆ సంగతి ఆయనకి అర్థమైందని నడకలోనే తెలిసింది. నాకు ఆయన మీద జాలి, మా అందరి మీదా కోపం కలిసి వచ్చాయి.

మర్నాడు ఆయన్ని నా పక్కన కూర్చోబెట్టారు. లైట్ల బల్ల హాలు వెనక గోడకి ఆనుకుని ఉంది. స్టేజీ మీద మనుషులు అక్కడికి బొటనవేలంత కనిపిస్తారు. నాటకాన్ని ముందువైపు నుంచి చూడటం ఆయనకి అదే మొదటిసారి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, నాటకం ప్రతి లేని ఒళ్లో రుమాలు మడతపెట్టి పట్టుకున్నాడు. "ఇటు నుంచి ఇలా ఉంటుందా" అన్నాడొకసారి. చిన్నపిల్లాడిలా అన్నాడు.

గుమస్తా సంచి బల్ల మీద పెట్టాడు. అడిగాడు. వాగుడుకాయ ఆగింది.

నేను ఒక్కటి తప్ప లైట్లన్నీ తగ్గించేశాను. హాల్లో చీమ చిటుక్కుమంటే వినపడేలా ఉంది. మౌనం సాగుతోంది. నిన్నటికంటే ఎక్కువే సాగుతోంది. నా పక్కన కుర్చీ కిర్రుమంది. బాబాయి సగం లేచాడు. నోరు తెరిచాడు. రెక్క పట్టుకుని లాగుదామని చెయ్యి చాచాను. అక్కర్లేకపోయింది. ఆయనంతట ఆయనే కూర్చున్నాడు. రుమాలు నోట్లో కుక్కుకున్నాడు. కళ్లు మాత్రం స్టేజీ మీదే ఉన్నాయి.

వాగుడుకాయ "మా అక్క" అనలేదు. ప్రసంగంలో ఒక్క ముక్కా చెప్పలేదు. సంచి అందుకుని, గుండెకి హత్తుకుని, జవాబు చెప్పకుండానే వెళ్లిపోయింది. గుమస్తా బిత్తరపోయి చూశాడు. నేను లైటు ఆర్పేశాను.

హాలు లేచి నిలబడింది. నేను బాబాయి భుజం తట్టాను. "చూశారా, నోరు ఆపుకున్నారు! అనుమానం వదిలింది!" అన్నాను. ఆయన రుమాలు నోట్లోంచి తీసి జేబులో పెట్టుకున్నాడు.

వెనకాలకి వెళ్లేసరికి వాగుడుకాయ పరిగెత్తుకొచ్చి ఆయన చొక్కా పట్టుకుంది. మొహం తెల్లగా పాలిపోయి ఉంది. "బాబాయ్, మర్చిపోయాను. నిజంగా. ఎంతసేపు ఆపానో తెలీదు, తీరా చెబుదామంటే ఒక్క ముక్క లేదు. నీ కుర్చీ కేసి చూశాను. ఖాళీగా ఉంది. నీకు తెలిసిందా?"

"తెలిసింది."

"మరి అరవలేదేం?"

"నిన్నా ఇలాగే తెలిసిందనుకున్నానే" అన్నాడాయన. "నా అనుమానం మీద నాకే అనుమానం వచ్చింది."

అది ఏడుస్తూనే మొహం తుడుచుకుంది. "నేను మేడమ్‌కి చెప్పేస్తా. అందరి ముందూ చెప్పేస్తా. మర్చిపోయాను, బాబాయి ఉండుంటే మర్చిపోయేదాన్ని కాదు, ఆ కుర్చీ ఉండాల్సిందే అని చెప్పేస్తా. ఇక నిన్నెవరూ తియ్యలేరు."

ఈలోగా పిలుపొచ్చింది. ఆట అయ్యాక బృందమంతా స్టేజీ మీద కూర్చుంటే చూసినవాళ్లు ప్రశ్నలడుగుతారు, అదీ అక్కడి పద్ధతే. వెనకాల పనిచేసినవాళ్లు కూడా రావాల్సిందేనట. బాబాయి వెలుగులోకి వచ్చి, ఏదో నేరం చేసినవాడిలా వెనక వరసలో, సరిగ్గా వాగుడుకాయ వెనక ఒదిగి కూర్చున్నాడు. నేను ఆయన పక్కన కూర్చున్నాను.

ముందు వరసలో ఒక పెద్దావిడ లేచింది. కళ్లు తుడుచుకుంటూ ఏదో అడిగింది. దుబాసీ అమ్మాయి మాకు చెప్పింది. "ఆమె జవాబు ఎందుకు చెప్పలేదు? ఇంతకంటే బాధాకరమైన ముగింపు నేను చూడలేదు. ఎందుకు చెప్పలేదో మీ నోటి నుంచి వినాలనుంది."

మేడమ్ మొహం వెలిగిపోతోంది. వాగుడుకాయ మైకు అందుకుంది.

"నిజానికి..." అంది. మెడ వెనక చెమట పట్టడం నాకు కనిపించింది. "నిజానికి నాకు ఆ మాట..."

ఇక ఒక్క ముక్క. ఆ ఒక్క ముక్క అంటే బాబాయికి కుర్చీ దక్కుతుంది. నేను నా చీర కొంగు మెలిపెట్టేస్తూ కూర్చున్నాను, చెప్పేయవే తల్లీ చెప్పేయ్ అని.

అప్పుడు నా పక్కనుంచి ఆ గుసగుస వినిపించింది. పెదవి కూడా పెద్దగా కదల్లేదు.

"చెప్తే నిజమైపోతుందని."

వాగుడుకాయ ఆగింది. కళ్లు మూసుకుంది. తలైనా తిప్పలేదు. చిన్నప్పట్నుంచీ, ముందురోజు ఒక్కసారి తప్ప, ఆ గొంతు ఇచ్చిన మాటను అది కాదనలేదు, ఇప్పుడూ కాదనలేకపోయింది.

"చెప్తే... నిజమైపోతుందని" అంది మైకులో. "అక్క లేదని తను ఒప్పుకున్నట్టు అయిపోతుందని."

దుబాసీ అమ్మాయి ఆ మాటను వాళ్ల భాషలోకి మార్చి చెప్పింది. హాలంతా చప్పట్లు కొట్టింది, ఆపకుండా కొట్టింది.

మేడమ్ లేచి వాగుడుకాయని దగ్గరికి తీసుకున్నారు. మా అందరి కేసీ తిరిగి, "చూశారా? ఎవరూ అందించకుండానే ఎంత దూరం వెళ్లగలరో!" అన్నారు. ఆ ప్రసంగాన్ని నాటకంలోంచి ఆ రోజే తీసేశారు. కుర్చీని ఇంటికి తిరిగొచ్చాక తీసేశారు. బాబాయి బట్టల గదికి మారాడు. అక్కడ కూడా ప్రతి చొక్కాకీ గుండీలు ఉన్నాయా లేవా అని అనుమానమే.

అది తర్వాతి సంగతి. ఆ రోజు జనం తగ్గాక, విప్పేసిన సామాను మధ్య వాగుడుకాయ ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది. కోపంగా చేతిసంచిని బట్టల పెట్టె మీద పడేసింది.

"ఎందుకలా అందించావు బాబాయ్? ఇంకొక్క మాటంటే నీ కుర్చీ నీకుండేది కదా!"

బాబాయి పెట్టె తాళం ఒకసారి లాగి చూశాడు.

"అందుకేనే. ఎక్కడ నిజం చెప్పేస్తావోనని అనుమానమొచ్చింది."